గాలం వేసేముందు ఇజాజత్

మా ఉర్దూ మీడియం స్కూల్లో మౌసమ్‌ల పాఠం ఒకటి ఉండేది. బహార్, గర్మా, ఖిజా, సర్మా. ఖిజా అంటే ఆకులు పసుపెక్కి రాలిపోయే కాలమని ఉస్తాద్ చెప్పేవారు. అదే నెలల్లో కిటికీలోంచి చూస్తే మా ఊరి చెరువు మత్తడి దుంకుతుండేది. కట్ట మీద తంగేడు విరగబూసి ఉండేది. ఆకు రాలే ఆ ఖిజా ఎక్కడుందో నాకు అంతుబట్టేది కాదు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక దీన్ని శరదృతువు అంటారని, నీళ్లు తేటపడే కాలమని చదువుకున్నాను. ఆ మాట మా చెరువుకు సరిగ్గా కుదిరింది.

ఈ నీళ్లు తేటపడే రోజుల్లోనే, దసరా సెలవుల్లో, మా మొహల్లా పిల్లలు నలుగురు పక్క ఊరి చెరువు దగ్గర పట్టుబడ్డారు. వాళ్ల దగ్గర దొరికింది గాలాలు కాదు. ఇన్వర్టర్ బ్యాటరీ, రెండు వైర్లు, ఒక వెదురు కర్ర. నీళ్లలో కరెంటు పెట్టి చేపలు తేలుస్తుంటే మత్స్యకార సంఘం వాళ్లు చూసి పట్టుకుని కూర్చోబెట్టారు. అఖ్బార్‌లో పనిచేసేవాణ్ని కాబట్టి ఫోన్ నాకొచ్చింది. మసీదు కమిటీ పెద్ద ఒకరిని తీసుకుని వెళ్లాను.

మేము వెళ్లేసరికి పాతిక ముప్పై మంది పోగై ఉన్నారు. ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని, ఆ వీడియో ఏ గ్రూపులోకి పోతుందో, దానికింద ఏం రాస్తారో నాకు తెలుసు. రాత్రికల్లా చేపల దొంగతనం అనే మాట మాయమై, దాని జాగాలో మజ్హబ్ వచ్చి కూర్చునేది. సంఘం అధ్యక్షుడు మంచివాడు. "పిల్లలు, సార్. ఫోన్లు లోపల పెట్టుండ్రి" అని తన మనుషులనే గదమాయించాడు. మేము మాఫీ అడిగాము. పిల్లలతోనూ అడిగించాము. బ్యాటరీ అక్కడే వదిలేసి వచ్చాము.

దారిలో పెద్దోణ్ని అడిగాను, ఎందుకు చేశారురా అని. వాడన్న మాట నన్ను ఇన్ని రోజులుగా వదలట్లేదు. "గాలానికి పడట్లేదు చాచా. మూడు రోజులు కూర్చున్నాం. చెరువు నిండా చేపలే, ఒక్కటి పడదు."

వాడు అబద్ధం చెప్పలేదు. ఈ కాలంలో చాలామందికి జరిగేది ఇదే. నిండిన చెరువు చూసి ఆశపడి వెళ్తారు, ఖాళీ చేతులతో వస్తారు. కొందరు ఇంటికి పోతారు. కొందరు జల్దీబాజీలో బ్యాటరీ, మందుగుండు, దోమతెరలాంటి వల దాకా పోతారు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. షికార్ నేర్పకుండా పిల్లల చేతికి చెరువు ఇస్తున్నాం. ఆ షికార్‌లో మొదటి పాఠం ఎరా కాదు, గాలమూ కాదు. ఇజాజత్.

నాకు ఆ పాఠం అవమానంతో వచ్చింది. పదకొండేళ్లుంటాయేమో అప్పుడు. స్కూల్ నుంచి అటే చెరువుకు పోయి, గాలంతో ఏడు చిన్న రవ్వ పిల్లల్ని పట్టి టిఫిన్ డబ్బాలో తెచ్చాను. జానెడు కూడా లేవు ఒక్కోటి. అమ్మీ మురిసిపోయింది. అబ్బా కుట్టుమిషన్ ఆపి డబ్బాలోకి చూశారు. "ఎవర్ని అడిగి పట్టావు బేటా?" అన్నారు. చెరువును ఎవరైనా అడుగుతారా అనుకున్నాను నేను. ఆయన చొక్కా వేసుకుని, నన్నూ డబ్బానూ తీసుకుని ముదిరాజ్ గల్లీకి నడిచారు. సంఘం పెద్ద, మేమంతా కాకా అని పిలిచే ఆయన, అరుగు మీద వల అల్లుతున్నాడు.

"అన్నా, మావాడు తెలియక చేశాడు. ఖరీదు చెప్పు, ఇచ్చేస్తా" అన్నారు అబ్బా.

కాకా డబ్బా తీసి చూసి నవ్వలేదు. "సాయిబూ, గిది ఖరీదు కట్టేది కాదు. మొన్ననే సంఘం పైసలు పెట్టి పిల్ల కొనుక్కొచ్చి పోసినం. ఎండాకాలం దాకా ఆగితే గీ ఏడే ఒక ఇంటికి వారం కూర" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "బిడ్డా, చేప పట్టుడు నేర్సుకుంటవా? ఐతారం రా. అడిగి రా" అన్నాడు. నాకు తెలిసిన షికార్ అంతా ఆ ఐతారాల నుంచి వచ్చిందే. ఆ పిల్లలు మూడు రోజులు ఎందుకు ఖాళీగా కూర్చున్నారో కూడా అక్కడ నేర్చుకున్నదాంతోనే చెప్పగలను.

మొదటిది, జాగా. నైరుతి వానలు అక్టోబర్ మధ్యకల్లా మన దగ్గర్నుంచి వెనక్కి పోతాయి. అప్పటికి చెరువు నిండి శిఖం భూముల్లోకి పాకి ఉంటుంది. ఎండాకాలం మనం నడిచిన గడ్డి ఇప్పుడు మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది. పురుగులు, మెత్తని చిగుళ్లు, నత్తలు అన్నీ అక్కడే. చేప మేతకు అక్కడికి వస్తుంది. మనవాళ్లేమో కట్ట మీద నిలబడి, బలమంతా పెట్టి చెరువు నడిమికి విసురుతారు. చేపను వెనక వదిలేసి ముందుకు విసిరినట్టే. మునిగిన తుమ్మచెట్టు మొదలు, గడ్డి అంచు, వాగు వచ్చి చెరువులో కలిసే మూల, ఈ మూడు జాగాలు చూసుకుంటే విసరాల్సిన దూరం పది పన్నెండు అడుగులే.

రెండోది, గాలి. వానాకాలమంతా మన దగ్గర గాలి పడమటి నుంచి వీస్తుంది. దసరా దాటేసరికి మళ్లి తూర్పు, ఈశాన్యం నుంచి మొదలవుతుంది. కాకా దీన్ని ఒక్క మాటలో చెప్పేవాడు: "గాలి ఎటు తోస్తే మేత అటు, మేత ఎటుంటే చేప అటు." నీటి మీది నాచు తుంపులు, పురుగులు గాలివాటున ఒక ఒడ్డుకు చేరతాయి. కాబట్టి శ్రావణంలో పని చేసిన తూర్పు ఒడ్డు కార్తీకంలో పని చేయదు. పడమటి ఒడ్డుకు మారాలి. గాలి ముఖానికి కొడుతుంది, బెండు ఊగుతుంది, కూర్చోవడానికి ఇబ్బందే. అయినా అక్కడే కూర్చోవాలి.

మూడోది, వేళ. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఫజర్ నమాజ్ కాగానే చెరువుకు పరిగెత్తడం ఎండాకాలం పద్ధతి. ఎండలు మండే రోజుల్లో చల్లటి పొద్దు చేపకు హాయి. వానల తర్వాత లెక్క వేరు. నీళ్లలోని పచ్చటి పాచి పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే పాచి, చేపలు, అడుగున కుళ్లే ఆకూ అలమూ కలిసి దాన్ని తినేస్తాయి. తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్ని వేళలకన్నా తక్కువగా ఉంటుంది. ఊపిరికి తన్నుకులాడే చేప ఎరాను ముట్టదు. ఎండ నీళ్ల మీద పడి ఒక గంటన్నా కావాలి. ఇష్రాఖ్ ఇంట్లో చదువుకుని తీరిగ్గా బయల్దేరండి. చాష్త్ వేళకు బెండు కదలడం మొదలవుతుంది. మళ్లీ అసర్ నుంచి మగ్రిబ్‌కు కాస్త ముందు దాకా. నవంబర్ దాటి చలి ముదిరితే నీళ్లు చల్లబడి చేప అరుగుదల మందగిస్తుంది, తిండి తగ్గుతుంది. అప్పుడు మధ్యాహ్నపు ఎండే మంచి వేళ, ఎరా కూడా చిన్నది కట్టాలి.

బంగాళాఖాతంలో తుఫాను పుట్టి రెండు మూడు రోజులు మబ్బు కమ్మి, గాలి కూడా ఆగిపోతే గాలం ఇంట్లోనే పెట్టేయండి. ఎండ లేక పాచి ఆక్సిజన్ ఇవ్వదు. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. కొన్నిసార్లు చచ్చి తేలతాయి. తేరగా దొరికాయని వాటిని బకెట్లలో ఏరుకొచ్చేవాళ్లను చూశాను. ఎప్పుడు చచ్చిందో తెలియని చేప కడుపుకు మంచిది కాదు. పైగా తనంతట తాను చచ్చి వెల్లకిలా తేలిన చేప తినొద్దని మన హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. మన బుజుర్గులు చెరువు ఒడ్డున ఈ మాట గట్టిగా చెప్పేవారు. ఇప్పుడు చెప్పేవాళ్లు తగ్గారు.

నాలుగోది, నీటి రంగు. ఆగస్టులో ఎర్రటి బురదనీళ్లు. చేప వాసన పట్టుకుని వస్తుంది, కాబట్టి ఎర్రలు చాలు. అక్టోబర్‌కు మన్ను అడుక్కి దిగి నీళ్లు తేరుకుంటాయి. ఇప్పుడు చేప చూస్తుంది. లావు తంగూసును చూస్తుంది, పెద్ద గాలాన్ని చూస్తుంది, ఒడ్డున నిలబడ్డ మన నీడను కూడా చూస్తుంది. సన్న తంగూసు, చిన్న గాలం, చిన్న సీసం గుండు కావాలి. ఎండ వీపు మీద పడేలా కాకుండా, నీడ నీళ్లలో పడని పక్కన కూర్చోవాలి. ఎరాకు గోధుమపిండిలో వేయించి దంచిన పల్లిచెక్క కలిపి గట్టిగా పిసికితే చాలు. వేల రూపాయలు పోసి ఆన్‌లైన్‌లో తెప్పించిన రాడ్లు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు నేను చూశాను, ముచ్చటగానే ఉంటాయి. రవ్వకు వాటితో పని లేదు.

ఏ చేప ఏ లోతులో తింటుందో తెలిస్తే సగం షికార్ అయిపోయినట్టే. బొచ్చె పైనీళ్లలో తిరుగుతుంది. రవ్వ నడిమి నీళ్లలో, మెరిగ అడుగున. బెండుకీ గాలానికీ మధ్య తంగూసు ఎంత వదలాలో దీన్నిబట్టే తేలుతుంది. ఒకే లోతులో మూడు రోజులు కూర్చున్నవాడు చెరువును తిట్టుకోవడం నాయం కాదు. అరగంటకోసారి బెండును జానెడు పైకో కిందికో జరిపి చూడాలి.

కొర్రమీను సంగతి వేరే చెప్పాలి. మన తెలంగాణ రాష్ట్ర చేప అది. పైకొచ్చి గాలి పీల్చుకునే జాతి కాబట్టి మిగతావి తన్నుకులాడే నీళ్లలో కూడా బతుకుతుంది. గడ్డి మధ్య ఎక్కడ 'గుబుక్' మని బుడగ లేచిందో చూసి అక్కడ గాలం జారవిడుస్తారు. అయితే వానాకాలంలోనూ దాని తోకకాలంలోనూ నీటి మీద ఎర్రెర్రగా గుంపుగా కదిలే పిల్లలు కనబడతాయి. వాటికింద తల్లో తండ్రో కాపలా తిరుగుతుంటుంది. ఆ గుంపు మీద గాలం వేస్తే పెద్దది తప్పకుండా లేస్తుంది. తినడానికి కాదు, పిల్లలను కాయడానికి. అది పడిందా, కాపలా పోయిన ఆ వందల పిల్లలను మిగతా చేపలూ కొంగలూ పూటలో ముగిస్తాయి. దాన్ని హునర్ అని చెప్పుకుని వీడియోలు పెట్టేవాళ్లున్నారు. చేపకు జబహ్ అక్కర్లేదన్నది నిజమే. జబహ్ లేదు కదా అని రహమ్ కూడా అక్కర్లేదని ఎవరూ చెప్పలేదు.

ఇక ఇజాజత్ దగ్గరికి వద్దాం. ఈ మాట ఎత్తితే నాకు తరచూ వచ్చే జవాబు ఇది: "చెరువు సర్కారుది, పిల్లలు పోసేది సర్కారు, మధ్యలో సంఘం హక్కేంటి?" సగం నిజం ఉంది ఇందులో. 2016 నుంచి రాష్ట్రంలో చేప పిల్లలను ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న మాట వాస్తవం. కొన్ని నెలలే నీళ్లుండే చెరువుల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాదంతా నీళ్లుండే వాటిలో 80 నుంచి 100 మిల్లీమీటర్ల వాటిని పోస్తారు. కానీ ఆ చెరువులో చేపలు పట్టుకునే హక్కు సంఘానిది. దాని సభ్యులు ముదిరాజ్‌లు, గంగపుత్రులు, బెస్తలు, తరతరాలుగా నీళ్ల మీద బతికినవాళ్లు. పిల్ల పోసిన రోజు నుంచి వేసవిలో నీళ్లు దిగి వల వేసే రోజు దాకా కాపలా కాసేదీ, మత్తడికి జాలీ కట్టేదీ వాళ్లే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రవ్వ, బొచ్చె, మెరిగ నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి పారే నది కావాలి. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురీ పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి ఈ కోవకు చెందిన చేపలను చెరువు నీళ్లలో గుడ్లు పెట్టించారు. దేశంలో హ్యాచరీలు పుట్టింది అక్కడి నుంచే. అంటే మన ఊరి చెరువులో కనబడే రవ్వ దానంతటదే పుట్టి పెరిగింది కాదు. ఎవరో తెచ్చి పోశారు, ఎవరో కాస్తున్నారు. ఈ నెలల్లో మన గాలానికి పడే చిన్న చేప మొన్న పోసిందే అయ్యుంటుంది. దాన్ని ఇప్పుడు తెచ్చుకుంటే గుప్పెడు ముళ్లు. నీళ్లలో వదిలితే వేసవికి ఒక మత్స్యకారుడి ఇంట్లో స్కూల్ ఫీజు. హుఖూఖుల్ ఇబాద్ గురించి జుమా బయానుల్లో వింటాం కదా, అది చెరువు కట్ట దగ్గరికి వచ్చేసరికి ఇంత చిన్న రూపంలో ఉంటుంది.

నా తజుర్బా చెబుతున్నాను: అడిగితే కాదనేవాళ్లు అరుదు. వెళ్లి, సలాం నమస్తే చెప్పి, ఒక గాలంతో రెండు గంటలు కూర్చుంటామని అడగండి. కొన్ని సంఘాలు పది ఇరవై తీసుకుంటాయి, కొన్ని నవ్వి ఊరుకుంటాయి. వద్దంటే వద్దు. పిల్ల పోసిన కొత్తలో వద్దంటారు, అది వాళ్ల హక్కు. ఒప్పుకుంటే వాళ్లే ఏ మూల కూర్చోవాలో చెబుతారు. ఏ పుస్తకంలోనూ లేని సంగతి అది. గాలం ముల్లును పట్టకారుతో కాస్త నొక్కి పెట్టుకుంటే చిన్నవాటిని గాయం కాకుండా విడిచిపెట్టొచ్చు. తడి చేత్తో పట్టుకుని వదలండి. ఇంటికి సరిపడా రెండు మూడు పడ్డాయా, లేచి వచ్చేయండి. లాలచ్ మొదలయ్యేది ఆ మూడో చేప తర్వాతే.

బ్యాటరీ సంగతి తల్లిదండ్రులకు వేరుగా చెప్పాలి. నీళ్లలో తిరిగే కరెంటు చేప ఏది, పిల్లోడు ఏది అని చూడదు. తడి కాళ్లతో నీళ్లలో నిలబడి వైరు పట్టుకున్నవాడు ఒక్క జారుపాటు దూరంలో ఉంటాడు మౌత్‌కు. పక్కనోడు వాణ్ని లాగబోతే ఇద్దరు. అదీగాక పెద్ద చేపతోపాటు పిల్ల, పురుగు, కప్ప అన్నీ దెబ్బ తింటాయి. మందుగుండుతో, విషంతో చేపలను చంపడం 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ చట్టంలోనే నేరం. దేశానికి స్వాతంత్ర్యం రాకముందే తప్పని తేల్చిన పనికి మనం కొత్త వైర్లు కడుతున్నాం.

గాలం పట్టుకుని వెళ్లే పిల్లలకూ ఖతరా లేకపోలేదు. నిండిన చెరువు ఎండాకాలం చూసిన చెరువు కాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, మంచి పని. కానీ మట్టి కోసం, మొరం కోసం ఎవరెవరో ఎక్కడెక్కడో తవ్విన గుంతలు ఇప్పుడు నీళ్లకింద కనబడవు. మోకాలి లోతనుకుని అడుగేస్తే తల మునుగుతుంది. మత్తడి రాళ్ల మీద పాచి సబ్బులా జారుతుంది. తూము దగ్గర నీళ్లు లోపలికి లాగుతాయి. ఈ రెండు చోట్లా గాలం వేయొద్దు. ఈత రానివాడు ఒంటరిగా వెళ్లొద్దు. తంగూసు తుమ్మకు చిక్కుకుంటే తెంచేయండి. ఐదు రూపాయల గాలం కోసం నీళ్లలోకి దిగొద్దు. ఇరవై ఏళ్లలో నేను రాసిన చెరువు వార్తల్లో ఎక్కువ భాగం చేపల గురించి కావు.

ఆ నలుగురు పిల్లలకు ఇంట్లో దెబ్బలు పడ్డాయి. నాకు అది చాలదనిపించింది. పడట్లేదన్నవాడికి ఎలా పడుతుందో చూపకపోతే రేపు ఇంకో చెరువుకు ఇంకో బ్యాటరీ మోస్తాడు. అందుకే రెండు ఐతారాల తర్వాత వాళ్లను, నా కొడుకును వెంటబెట్టుకుని అదే ఊరికి వెళ్లాను. అధ్యక్షుడి ఇంటి ముందు పిల్లలు తలలు వంచుకుని నిలబడ్డారు. పెద్దోడే అడిగాడు, "గాలం వేసుకోవచ్చా అన్నా?" అని. ఆయన వాళ్లను కాసేపు చూసి, "బ్యాటరీ తెచ్చిండ్రా?" అన్నాడు. అందరం నవ్వేశాం.

పడమటి ఒడ్డున, ముఖానికి గాలి కొడుతుండగా కూర్చున్నాం. ఎండ ఎక్కేదాకా ఏమీ లేదు. తర్వాత పెద్దోడి బెండు ఒకసారి వణికి మునిగింది. ముప్పావు కిలో రవ్వ, పోయినేడు వలకు చిక్కకుండా మిగిలినది కాబోలు. నా కొడుక్కి పడింది వేలెడంత పిల్ల. చేయి తడిపి విడిపించి, నీళ్లలో వదిలాడు. అది కాసేపు అక్కడే ఊగి, గడ్డిలోకి పోయింది.

తిరిగొస్తూ పెద్దోడు ఆ రవ్వను అధ్యక్షుడికే ఇవ్వబోయాడు. ఆయన తీసుకోలేదు. "మీ అమ్మతోని మంచిగ ఇమ్లీ పోసి సాలన్ వండిపియ్యి" అన్నాడు. తర్వాత వెనక నుంచి కేకేసి, "మళ్లొచ్చేటప్పుడు గూడ అడిగి రాండ్రి" అన్నాడు.